జట్టు మారుట ద్రోహమా?

స్వాతంత్ర్యదినోత్సవపు ఉదయమున మా పాఠశాల బ్యాండు వింజమూరు వీధులలో నడచిపోవునపుడు అంగళ్లవారు త్రాసు దించి గడపలలో నిలుచుటయు, ఆత్మకూరు పోవు బస్సు ప్రక్కకు ఒదిగి ఆగుటయు మన విద్యార్థు లందఱు ఎఱిగినదే. చూచువారికి అది వేడుక. నడచువారికి మాత్రము అది మిక్కిలి కఠినమైన పని. పెద్ద డ్రమ్ము ఒక్క దెబ్బ తప్పెనా, వెనుక నున్న 40 పాదములు తప్పును. క్రికెట్టు ఆటలో ఒకడు సున్నకు ఔటైనను మఱియొకడు నూఱు పరుగులు తీసి జట్టును గట్టెక్కింపవచ్చును. బ్యాండులో అట్టి వీలు లేదు. ఒకని నేర్పు మఱియొకని తప్పును కప్పజాలదు. కనుకనే బ్యాండు పిల్లలలో ఒకనిపై నొకనికి గల నమ్మకము ఇతర ఆటగాండ్ర నమ్మకముకంటె గాఢముగ నుండును. ఆ నమ్మకము చెడినపుడు పుట్టు కోపమును అంత గాఢముగనే యుండును.

ఈ మాట ఇప్పు డేల వ్రాయవలసివచ్చె ననగా, గడచిన సంవత్సరము మా కన్నుల యెదుట జరిగిన సంగతి యొకటి కలదు. పోటీలకు ఇరువది దినములు ఉన్నదనగా మా బ్యాండులో సైడు డ్రమ్ము వాయించు తొమ్మిదవ తరగతి బాలుడొకడు పాఠశాల విడిచి వేఱొక పాఠశాలకు పోయెను. రెండేండ్లు సాయంకాలములందు మైదానములో నిలువబెట్టి వానికి చేయి తిప్పుట నేర్పితిమి. వాని తరువాత ఆ వాద్యమును పూర్తిగ నేర్చినవాడు మఱియొకడు లేడు. పట్టణములోని ఆ పాఠశాలవారు మా బ్యాండును ఒకచోట చూచి, ఆ బాలునికి ఫీజు లేకుండ చదువును, హాస్టలులో చోటును ఇత్తుమని కబురంపిరి. బాలుడు పోయెను.

వాని స్నేహితులు బ్యాండు గదిలో వాని పేరు కొట్టివేసి, గోడమీద బొగ్గుతో ‘ద్రోహి’ అని వ్రాసిరి. టీ.సీ. తీసికొనుటకు వాడు వచ్చిన దినమున ఒక్కడును పలుకరింపలేదు. పిల్లలమాట అట్లుండ, మేముకూడ అంతకంటె మేలుగ నడచుకొనలేదు. వరండాలో ఎదురుపడి ఆ బాలుడు మాకు నమస్కరించెను. మేము చూచియు చూడనట్లు పోతిమి. ఆ నమస్కారము నేటికిని మాకు బాకీగ నున్నది. ఈ వ్యాసము ఆ బాకీని గూర్చియే.

పోటీలలో మాకు బహుమతి రాలేదు. వాని చోట నిలిచిన ఎనిమిదవ తరగతి బాలుడు మలుపు తిరుగునపుడు తాళము తప్పెను; వాని వెనుక పంక్తి యంతయు తప్పెను. తిరుగు ప్రయాణమున బస్సులో ఎవరును మాటాడలేదు. కొన్ని దినములకు పోయిన బాలుని తల్లి మాకు సంతలో కనబడి, మే మడుగకయే ఇట్లు చెప్పెను: “సార్, మమ్మల్ని తప్పుగా అనుకోబాకండి. వాళ్ల నాయన పనికి పొయ్యి ఆరు నెల్లాయె. ఆడ కూడూ గుడ్డా వాళ్లే చూసుకుంటామంటిరి. నేనేం చేసేది?” మాకు జవాబు తోచలేదు. వానలు తప్పిన సంవత్సరములలో ఈ మెట్టప్రాంతపు కుటుంబములు పనికై ఊళ్లు విడిచిపోవుట క్రొత్త కాదు. తండ్రి పొట్టకై ఊరు మారిన తప్పు లేనపుడు, కొడుకు చదువుకై బ్యాండు మారుట తప్పెట్లగును? తప్పు కానియెడల మా పిల్లల కన్నీటికి అర్థ మేమి? ఈ రెండు ప్రశ్నలును నిజమైనవే. ఒకదానికి జవాబు చెప్పి రెండవదానిని మఱచుట న్యాయము కాదు.

ఈ చిక్కు మన వింజమూరునకే పుట్టినది కాదు. యువకుల డ్రమ్ము వాద్యములతోను ఊదు వాద్యములతోను కవాతు చేయు విద్య మిక్కిలి పెరిగిన దేశము అమెరికా. అచ్చటి దళములను మొదట మాజీ సైనికుల సంఘములును, చర్చీలును, స్కౌటు దళములును పోషించినవి. న్యూజెర్సీ రాష్ట్రమున గార్‌ఫీల్డు పట్టణములో ఒక చర్చి చెంత 1934లో కేడెట్స్ దళము పుట్టెను. షికాగో నగరమున 1948లో స్కౌటు బాలురనుండి కావలియర్స్ దళము పుట్టెను. పిమ్మట 1971లో కొన్ని దళముల నాయకులు కూడి, పోటీల నియమములు మాజీ సైనికుల సంఘముల చేతులలో నుండుట ఇష్టములేక, తమ పోటీలను తామే నడుపుకొనుటకు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అను సంస్థను స్థాపించిరి. 1972 ఆగస్టులో విస్కాన్సిన్ రాష్ట్రపు వైట్‌వాటర్ పట్టణములో జరిగిన మొదటి ఛాంపియన్‌షిప్‌ను ఆనహైమ్ కింగ్స్‌మెన్ దళము గెలిచెను. చదువరులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. విశ్వాసము, విశ్వాసము అని పిల్లలకు బోధించు ఆ దళములే తమ్ము పెంచిన సంఘములను విడిచి వేఱుదారి పట్టినవి. విడిచిపోవుట యెల్ల ద్రోహమే యైనచో ఆ పోటీలు పుట్టియే యుండవు.

ఆ దళములలో సభ్యత్వము ఒక సంవత్సరపు సభ్యత్వము. ప్రతి యేటను క్రొత్తగ పరీక్ష యిచ్చి నెగ్గవలెను. చలికాలమున శిబిరములు, వేసవి ఆరంభమున దినమంతయు అభ్యాసము, జూన్ మొదలు ఆగస్టు వఱకు బస్సులలో ఊరూరు తిరిగి ప్రదర్శనము. ఇందుకై సభ్యుడే వేల డాలర్లు చెల్లించును. ఇరువదిరెండేండ్ల లోపువారికే ప్రవేశమను నియమము చిరకాలము నడచినది. మార్కులు నూటికి లెక్కింతురు: మొత్తముమీద కలుగు ప్రభావమునకు 40, సంగీతమునకు 30, కవాతు మొదలగు కంటికి కనబడు పనికి 30. కాలిఫోర్నియాలో 1957లో పుట్టిన బ్లూ డెవిల్స్ దళము 20కి పైగా ఛాంపియన్‌షిప్‌లు గెలిచెను. ఇట్లుండగా, చిన్న దళములో రెండేండ్లు నేర్చిన పందొమ్మిదేండ్ల యువకునికి మిగిలినవి రెండు మూడు వేసవులే. ఆ కొలది కాలములో పెద్ద దళములో ఒక్కసారి నిలువవలె నని వాడు కోరుట వింత కాదు. అట్లు చిన్న దళమునుండి పెద్ద దళమునకు పోవుట అచ్చట సాధారణము. పాతవారు నొచ్చుకొందురు, అయినను ఎక్కువమంది వానిని ద్రోహి యనరు.

ఎందువలన? పోయిన కాలమువలన. ఋతువు ముగిసినపిదప, మరుసటి సంవత్సరపు పరీక్షకు ముందు పోయినవాడు తాను చేసిన మాటను నెరవేర్చి పోయినవాడు. నడిమధ్య పోయినవాని సంగతి వేఱు. ఆ దళములు మైదానముపై వలయములుగను, కోణములుగను నిలుచునపుడు ప్రతివానికిని ఒక స్థానము గుర్తించి యుండును. ఒకడు లేనిచో పైమెట్లలో కూర్చున్నవారికి ఆ రూపములో రంధ్రము కనబడును. ఆ రంధ్రమును పూడ్చుటకు మిగిలినవారందఱు మరల నడక నేర్వవలెను. జట్టు మారుటలోని దోషము మారుటలో లేదు. ఇతరుల శ్రమను మధ్యలో పాడుచేయుటలో నున్నది. ఈ తేడాను మా పిల్లలు గుర్తింపలేదు, మేమును గుర్తింపజేయలేదు.

ఇక పిలుచుకొనిపోవువారి మాట. ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున బెల్లె వ్యూ ఉద్యానములో 1853 మొదలు ఇత్తడి బ్యాండుల పోటీలు జరిగినవి. గనులయందును మిల్లులయందును పనిచేయు కూలివాండ్రు ఆ బ్యాండులలో వాయించువారు. బహుమతుల విలువ పెరిగినకొలది, మంచి కార్నెట్టు వాద్యకుని తమ మిల్లులో ఉద్యోగమిచ్చి రప్పించుకొనుటయు, ఒక్క పోటీకై వాద్యకులను ఎరువు తెచ్చుటయు వాడుకలోనికి వచ్చెను. పోటీ నడుపువారు ఊరకుండలేక, ఎరువు వాద్యకులను నిషేధించు నియమములు చేయవలసివచ్చెను; కాలక్రమమున ఏ వాద్యకుడు ఏ బ్యాండువాడో నమోదుచేయు పద్ధతి యేర్పడెను. వారు కూలివానిని తిట్టి ఊరుకొనలేదు. పిలిచినవారి చేతులకు హద్దు కట్టిరి. తప్పు ఎక్కడ నున్నదో వారు సరిగ గ్రహించి రని మా యభిప్రాయము.

మన తెలుగు నాటకరంగమునను ఇదే కథ నడచెను. ఒకప్పుడు నాటకసమాజము లనగా నెలల తరబడి కలిసి అభ్యసించు జట్లు. తరువాత కంట్రాక్టర్లు వచ్చి, ఒక సమాజమునుండి కృష్ణుని, వేఱొక సమాజమునుండి అర్జునుని, మఱియొకచోటినుండి సత్యభామను ఒక్క రాత్రికి మాటాడి ‘స్పెషల్’ నాటకము లాడించిరి. పేరుగల నటులకు డబ్బు దొరకెను. జనులకు పద్యముల పోటీ దొరకెను. నాటకము మాత్రము చెడెను. కలిసి అభ్యసింపనివారు రంగముమీద ఒకరితో నొకరు పోటీపడిరేగాని ఒకరి నొకరు మోయలేదు. ఇందుకు మాఱుగ సురభి వారి సంగతి చూడుడు. కడప సీమలోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారి పూనికతో మొదలైన ఆ కుటుంబము పెరిగి, చీలి, అనేక సమాజము లయ్యెను. వేఱుపడినను తెరలు కట్టు నేర్పును, యంత్రముల కౌశలమును, కుటుంబమంతయు రంగమెక్కు పద్ధతియు విడువలేదు. ఒక చీలిక విద్యను చెఱచెను; మఱియొక చీలిక విద్యను పెంచెను. పోయినవాడు దేనిని వెంట తీసికొనిపోయె నన్నదే భేదము.

మఱియొక మాట చెప్పక తప్పదు. ‘పూర్వము మన ఊళ్లలో డప్పు వాయించువారు తరతరములు ఒకే ఊరిని నమ్ముకొని యుండిరి, నేటి పిల్లలకు ఆ విశ్వాసము లేదు’ అని పెద్దలు కొందఱు మాతో ననిరి. ఆ మాట సరికాదు. ఆ డప్పరి ఊరు విడువక పోవుట విశ్వాసముచేత కాదు. జాతర యైనను, చావైనను, దండోరా యైనను పిలిచినపుడు పోవలసినది వెట్టి. పోనన్నచో బ్రదుకు సాగదు. వాయించిన చేతికి గౌరవము లేదు, వేఱొక పని యెన్నుకొను హక్కు లేదు. అట్టి నిర్బంధమునకు విశ్వాసమను పేరు పెట్టుట ఆ తాతలకు రెండవసారి చేయు అన్యాయము. పోగలిగియుండియు నిలిచినవానిది విశ్వాసము. పోలేక నిలిచినవానిది విశ్వాసము కాదు. మా బ్యాండులో నేడు డ్రమ్ము పట్టిన పిల్లలలో కొందఱు ఆ తాతల మనుమలు. వారు తమ యిష్టముతో ఈ వాద్యమును పట్టిరి. వేఱొక బ్యాండునకు పోవు స్వాతంత్ర్యము వారికి లేదని మనము చెప్పినచో, పాత వెట్టినే క్రొత్త యూనిఫారములో నిలువబెట్టినవార మగుదుము.

అయినచో నిలిచినవారి మాట యేమి? ‘పెద్ద పాఠశాలలు మంచివారి నందఱను ఏరుకొనిపోవుచున్న, చిన్న ఊరి పాఠశాల నేర్పి నేర్పి పోగొట్టుకొనుటకే యున్నదా?’ అని మా బ్యాండు మాస్టరుగా రడిగిరి. ఇది త్రోసివేయదగిన మాట కాదు. మేము చాల దినములు ఆలోచించితిమి. మాకు తోచిన జవాబిది: నారుమడిలో మొలచిన నారు నారుమడిలోనే యున్నచో పండదు, పెరికి నాటవలెను. నారుమడి యగుట చిన్నతనము కాదు. కాని నారు అదను చూచి తీయవలెను. వేళ్లు తెగకుండ తీయవలెను. తీసికొనిపోవు రైతు మడిగలవానితో మాటాడి తీసికొనిపోవలెను. రాత్రివేళ గట్టు దాటి పెరికికొనిపోవుట సేద్యము కాదు, దొంగతనము.

నేడు కేంద్ర విద్యా మంత్రిత్వశాఖయు రక్షణ మంత్రిత్వశాఖయు కలిసి పాఠశాలల బ్యాండులకు జాతీయ స్థాయిలో పోటీలు జరుపుచున్నవి. ఇత్తడి బ్యాండు, పైపు బ్యాండు అను రెండు తెగలు బాలురకును బాలికలకును వేఱువేఱుగ నున్నవి. గణతంత్రదినోత్సవపు దినములలో ఢిల్లీలో జరుగు కడపటి పోటీ పిల్లలకు పెద్ద ఆశ. 1948లో ఏర్పడిన ఎన్.సి.సి.లోను బ్యాండునకు గౌరవస్థానము కలదు. బహుమతి యెంత పెద్దదైన, నేర్చిన పిల్లనికై పిలుపులు అంత పెరుగును. కనుక ఇప్పుడే మన ప్రాంతపు పాఠశాలలు తమలో తాము కొన్ని కట్టుబాట్లు చేసికొనుట మంచిదని మేము తలంచుచున్నాము.

మొదటిది: అభ్యాసము మొదలైనపిదప బ్యాండుకొఱకై పాఠశాల మారిన విద్యార్థి ఆ సంవత్సరము క్రొత్త పాఠశాల పక్షమున పోటీలో నిలువరాదు. చదువు సాగవచ్చును, అభ్యాసమునకు రావచ్చును, పోటీ మాత్రము మరుసటి యేటనే. తండ్రి ఉద్యోగము మారుట, కుటుంబమునకు కష్టము వచ్చుట మొదలగునవి ఇందుకు మినహాయింపులు. ఈ నియమ మున్నచో నడిమధ్య పిలుచుటవలన పిలిచినవారికి లాభము లేదు. లాభము లేని పిలుపు దానంతట అదే ఆగిపోవును. రెండవది: ఒక బాలుని పిలువదలచిన పాఠశాల వాని తలిదండ్రులతో మాటాడుటకు ముందు వాని ప్రధానోపాధ్యాయునికి ఉత్తరము వ్రాయవలెను. మూడవది: ప్రతి వాద్యమునకును ప్రతి బ్యాండులో ఇద్దఱు నేర్చియుండవలెను. ఒక్క బాలుడు పోయినంతమాత్రమున మా బ్యాండు కూలుట మా లోపము. వాని చేతి నేర్పును చూచి మురిసి, రెండవ చేతిని మేము తయారుచేయలేదు. మా సోమరితనపు భారమును పదునాలుగేండ్ల బాలుని తలపై పెట్టి, వానిని ద్రోహి యంటిమి.

విద్యార్థులారా, మీకును రెండు మాటలు. పోవలసివచ్చినచో పొండు, చాటుగ పోకుడు. తెలిసిన దినముననే మాస్టరుగారితో చెప్పుడు. మీ వాద్యమును తుడిచి, యూనిఫారమును ఉదికి అప్పగింపుడు. మీ తరువాతివానికి మీ కెఱిగిన దంతయు చూపుడు. రెండు సాయంకాలములైనను వాని ప్రక్క నిలువుడు. ఇన్ని చేసి పోయినవానిని ద్రోహి యనుటకు ఎవనికిని నోరు రాదు. పోటీ చేరువలో నున్నచో, తలిదండ్రులను బతిమాలియైనను ఆ యిరువది దినములు నిలువుడు. మీ ప్రక్కవాడు మిమ్ము నమ్మి అడుగు వేయుచున్నాడు.

నిలిచినవారలారా, మీ కోపము మాకు తెలియును. ప్రేమించినవానిమీదనే అంత కోపము వచ్చును. కాని పోయినవాడు రేపు మైదానములో మీ కెదురుగ నిలిచినపుడు వాని తాళము తప్పవలె నని కోరుకొనకుడు. అది మీ మైదానములో నేర్చిన తాళము. 1934లో పుట్టిన ఆ కేడెట్స్ దళము, పది ఛాంపియన్‌షిప్‌లు గెలిచినది, ఆర్థిక సంకటముల పాలై 2024లో మూతపడెను. తొంబది యేండ్ల దళమే పోయెను. దానిలో నేర్చినవారు మాత్రము పోలేదు. తమ నేర్పును వెంట గొనిపోయిరి. జట్టు ఎంత గొప్పదైనను శాశ్వతము కాదు. నేర్పిన విద్యయు, నేర్పినవారిపట్ల కృతజ్ఞతయు నిలుచునవి. విశ్వాస మనగా కడపటికి ఈ కృతజ్ఞతయే యని మేము నమ్ముచున్నాము. అది ఒక గోడలోపల కట్టియుంచదగినది కాదు.

గడచిన నెల మేము బ్యాండు పిల్లలను కూర్చుండబెట్టి పై సంగతు లన్నియు చెప్పితిమి. కొందఱు ఒప్పుకొనిరి, కొందఱు ఒప్పుకొనలేదు. “చెప్పి పోవచ్చు గదా సార్” అని ఒకడు పట్టు విడువక అడిగెను. వాడన్నది నిజమే. కాని మఱుసటి దినము మేము గది తెఱచి చూడగా గోడమీది బొగ్గువ్రాత కడిగివేసి యుండెను. ఎవరు కడిగిరో మేము అడుగలేదు. పోటీనాడు తాళము తప్పిన ఎనిమిదవ తరగతి బాలుడు ఇప్పుడు తొమ్మిదవ తరగతి. సైడు డ్రమ్ము వానిది. వాని ప్రక్కన ఏడవ తరగతి పిల్లవాడొకడు కఱ్ఱలు పట్టి నేర్చుకొనుచున్నాడు.

ఈ యేటి వార్షికోత్సవమునకు ఆ పోయిన బాలునికి మా చేతితో ఆహ్వానపత్రిక వ్రాసి పంపితిమి. వాడు వచ్చునో రాడో తెలియదు. వచ్చినచో వరండాలో ముందుగ నమస్కరించువారము మేమే.